మూత మారిన డబ్బా

"పద్మనాభం గారు మీకు ఏమవుతారు?"

జయంతి ఆ మాట అడగ్గానే ప్రణవి మొహం మాడిపోయింది. కాఫీ ఇచ్చి, కారప్పూస పెట్టి, ఎదురుగా కూర్చుని మర్యాద చేస్తుంటే, మీ చుట్టం నిజంగా మీకు చుట్టమేనా అన్నట్టు అడిగితే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు?

"బాబాయి వరస. మా ఆయన వైపు. వరంగల్ వాళ్లు," అంది ముక్తసరిగా.

జయంతి కప్పు కింద పెట్టింది. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. ఇరవై రెండేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, ఆ తర్వాత సొంతంగా లైసెన్స్ తీసుకుని న్యూజెర్సీలో డిటెక్టివ్‌గా బతుకుతున్న మనిషి ఆమె. అలాంటి మనిషికి ఈ చిన్న జవాబు వింటే కాఫీ ఎందుకు సహించకుండా పోవాలి? అందుకు కారణం ఆష్‌బర్న్ అనే ఊళ్లో ఉంది.

పోయిన వేసవిలో ఆష్‌బర్న్ నుంచి నిధి అనే ఇరవయ్యేళ్ల పిల్ల వీపుకో బ్యాగు తగిలించుకుని యూరప్ చూసొస్తానని బయల్దేరింది. హోటళ్లకు డబ్బు తగలెయ్యడం ఎందుకని రాత్రుళ్లు బస్సుల్లో నిద్రపోతూ, పగలు చుట్టాల ఇళ్లలో దిగుతూ తిరిగింది. చివరికి, అంతకు ముందు ఆష్‌బర్న్‌లో వాళ్లింట్లో దిగి వెళ్లిన విశ్వనాథం తాతయ్య అనే ఆయన ఇంటికి వెళ్లింది. ఆ తర్వాత ఆ పిల్ల గొంతు ఎవరూ వినలేదు. ఆయన తండ్రి వైపు చుట్టమని తల్లి, తల్లి వైపు చుట్టమని తండ్రి అనుకున్నారు. ఆ మాట ఒకరినొకరు అడుక్కోవడానికి వాళ్లకు మూడు నెలలు పట్టింది.

నిధి తల్లి జయంతికి ఒక ఫోటో ఇచ్చింది. అది నిధి ఫోను ఫోటో. ఆ ఫోను కవరుకు కూచిపూడి గజ్జెల్లోంచి ఊడిన ఒక మువ్వ ఎర్రదారంతో కట్టి ఉంది. ఫోనెత్తితే ముందు మువ్వ వినిపించేదని, ఆ తర్వాతే 'అమ్మా' అనేదని ఆ తల్లి చెప్పి చెప్పి ఏడ్చింది. మొన్న శనివారం ఆష్‌బర్న్‌లో ఎవరింట్లోనో బారసాలకు ఆమె వెళ్లినప్పుడు, ప్లెయిన్స్‌బరోలో తన ఫ్రెండ్ ప్రణవి కూతురు కూడా ఇలాగే తిరుగుతోందని, వియన్నాలో ఎవరో తాతయ్య ఉన్నారని ఒకావిడ చెప్పింది. ఆ రాత్రే నిధి తల్లి జయంతికి ఫోన్ చేసింది. ఆదివారం, సోమవారం ప్రణవి ఫోను ఎత్తలేదు. ఈ ఉదయం ఎత్తింది. ఇదిగో, మధ్యాహ్నం రెండున్నరకు జయంతి ఈ వంటింట్లో ఉంది.

"మీ అమ్మాయి ఆద్య ఇప్పుడు ఎక్కడుంది?"

ఫ్రాంక్‌ఫర్ట్‌లో, ప్రణవి భర్త జితేందర్ చిన్నాన్న కూతురు స్మృతి ఇంట్లో ఉందట. ఫోను ఆమ్‌స్టర్‌డామ్ స్టేషన్‌లో పోయింది కాబట్టి నాలుగు రోజులుగా స్మృతి ఫోనులోంచే మాట్లాడుతోంది. రేపు పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి వియన్నా. బస్ స్టేషన్‌కి పద్మనాభం గారే వస్తారు. ఇదంతా ప్రణవి గుక్కతిప్పుకోకుండా చెప్పింది. అసలు ఈ ట్రిప్పు ప్లాన్ వేసిందే ఆయనని, మనవాళ్ల ఇళ్లుండగా హాస్టళ్లలో పడుకోవడమెందుకమ్మా అని ఊరూరికీ ఒక ఇల్లు చూపించాడని కూడా చెప్పింది. పాపం పిల్ల, ఒక ఇంట్లో ఇచ్చిన పచ్చడి ఇంకో ఇంటికి, ఆ ఇంట్లో ఇచ్చిన పొడులు మరో ఇంటికి మోసుకుంటూ తిరుగుతోందట. బట్టల కంటే డబ్బాలే ఎక్కువున్నాయని నవ్వింది కూడా.

జయంతికి నవ్వు రాలేదు. "మీవారితో ఒక్క నిమిషం మాట్లాడొచ్చా? ఒంటరిగా."

జితేందర్ పైన ఆఫీస్ రూమ్‌లో మీటింగ్‌లో ఉన్నాడు. జయంతి మెట్లెక్కింది. దేవుడా, ఈయన ఒక్క మాట అంటే చాలు, మా నాన్న తమ్ముడండీ అంటే చాలు, క్షమించమని చెప్పి ఇంటికెళ్లిపోతాను అనుకుంది. అయిదు నిమిషాల్లో కాళ్లు మళ్లీ మెట్లు దిగాలి. ఎలా దిగాలో ఆ మాటే తేల్చాలి.

జితేందర్ హెడ్‌సెట్ తీసి మెడలో వేసుకున్నాడు.

"పద్మనాభం గారా? ప్రణవి వాళ్ల సైడ్ కదా. తెనాలి వాళ్లు. ఏమైందండీ?"

జయంతి తలుపు చట్రం పట్టుకుంది. "తెనాలి వాళ్లని మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలే. ఆ మాట తీరు వింటే తెలుస్తది కదా. అచ్చం మా మామగారి లెక్క మాట్లాడతడు."

ప్రణవితో వరంగల్ యాసలో, ఇతనితో తెనాలి యాసలో మాట్లాడాడన్నమాట. జయంతి మరేమీ అడగలేదు. అతన్ని కిందికి రమ్మంది. వంటింట్లో ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, ఇందాక నాతో అన్న మాట ఇప్పుడు ఒకరితో ఒకరు చెప్పండి అంది.

చెప్పుకున్నారు. ముందు ప్రణవికి నవ్వొచ్చింది, ఇదేం వేళాకోళం అన్నట్టు. తర్వాత కోపం వచ్చింది. మీవాళ్లు కాకపోతే ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఇంట్లో ఎందుకుంచుకున్నావని జితేందర్‌ని నిలదీసింది. నువ్వే కదా సొరకాయ పప్పు వండి పెట్టినవ్ అన్నాడతను. రెండేళ్ల కిందట ప్రణవి పిన్నిగారు నెల్లాళ్లు ఉండిపోతే జితేందర్ ఏదో అన్నాడని ఇంట్లో పెద్ద గొడవైందట. అప్పట్నుంచి ఎదుటివాళ్ల చుట్టం గురించి నోరెత్తకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నంత పని చేశారు. ఆ మర్యాదే కొంప ముంచింది.

నవ్వూ కోపమూ పోయాక ప్రణవి మొహంలో మిగిలింది చూసి జయంతి తల తిప్పుకుంది. ఆష్‌బర్న్‌లో నిధి తల్లి మొహంలో చూసింది అదే.

"స్మృతికి ఫోన్ చెయ్యండి. ఆద్యని గడప దాటనివ్వొద్దని చెప్పండి. రేపు బస్సు లేదు, ఏమీ లేదు."

జితేందర్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. అక్కడ రాత్రి తొమ్మిదవుతోంది. స్మృతికి రెండేళ్ల బాబు, వాణ్ని నిద్రపుచ్చేటప్పుడు ఫోన్ సైలెంట్‌లో పెడుతుందని చెప్పి అతను మెసేజ్ పెట్టాడు. మళ్లీ చేశాడు. స్మృతి భర్త నంబరు అతని దగ్గర లేదు. ఉండి ఉంటే ఈ కథ మరోలా ఉండేదేమో, చెప్పలేం.

ఈలోగా ఆయన ఉన్న గది చూపించమంది జయంతి. చేతులు ముడుచుకుని కూర్చుంటే ఆ భయానికి పిచ్చెక్కేలా ఉంది.

కింద గెస్ట్ రూమ్. మంచం, చిన్న బల్ల, పక్కన బాత్రూమ్. జయంతి పరుపెత్తి చూసింది, సొరుగులు లాగింది, కర్టెన్ వెనక చెయ్యి పెట్టి తడిమింది. చెత్తబుట్టలో కొత్త కవరు వేసి ఉంది. వెళ్లే రోజు ఆయనే దుప్పట్లు ఉతికి, మడతపెట్టి, బాత్రూమ్ కూడా కడిగాడని ప్రణవి చెప్పింది. ఇంత మంచి చుట్టం ఇంకెక్కడైనా ఉంటాడా అని ఆ రోజు మొగుడితో అన్నదట. తన వైపు వాళ్లని పొగుడుతోందనుకుని జితేందర్ ఊరుకున్నాడట.

"ఫోటోలు?"

లేవు. నాలుగు రోజుల్లో ఒక్కటీ లేదు. ఫోటో అనగానే, మీరు నిలబడండమ్మా నేను తీస్తా అని ఫోన్ లాక్కునేవాడు. ఆష్‌బర్న్‌లోనూ అంతే చేశాడు.

"పోనీ, మీకేమైనా ఇచ్చి వెళ్లాడా?"

ప్రణవి ఆలోచించింది. "సున్నుండలు తెచ్చారు. స్టీలు డబ్బాలో. ఆ డబ్బా వాళ్లమ్మగారిదట, ఆవిడ గుర్తుగా అదొక్కటే మిగిలిందట. జాగ్రత్త అన్నారు. ఆద్య వచ్చేటప్పుడు దాంతో పంపించమన్నారు."

"పంపారా?"

"పంపకుండా ఎలా ఉంటాం? ఖాళీగా పంపకూడదు కదా, కందిపొడి నింపి ఇచ్చాను." తను ఏం చేసిందో ఆమెకు అప్పుడే అర్థమవుతోంది. డబ్బా తిరిగివ్వాలంటే పిల్ల ఆ ఇంటి గడప తొక్కాలి. వద్దనుకున్నా, వేళ కుదరకపోయినా, మధ్యలో ఆగిపోదామన్నా వీల్లేదు. పెద్దాయన తల్లి గుర్తు తమ దగ్గర ఉండిపోతే ఏం బాగుంటుంది? తాడు కట్టి లాగినట్టు ఆ డబ్బా పిల్లను లాక్కుపోతుంది.

నిధి వాళ్లింట్లోనూ ఒక స్టీలు డబ్బా ఉండేది. దాన్ని నిధి తీసుకెళ్లింది. దాని మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు మాత్రం తల్లికి గుర్తుంది.

"డబ్బా మీద పేరేమైనా ఉందా?" అడిగింది జయంతి.

"డబ్బా మీద లేదు, మూత మీద ఉండేది. డిష్‌వాషర్‌లో పడి మూత వంకరపోయింది. సరిగ్గా పట్టకపోతే పొడి ఒలికిపోతుందని మా డబ్బా మూత పెట్టి పంపాను. ఎక్కడుందో చూస్తా ఉండండి."

మనవాళ్ల ఏ వంటింట్లోనైనా ఒక సొరుగుంటుంది, దేనికీ సరిపోని మూతలన్నీ అందులోనే. ప్రణవి ఆ సొరుగు లాగి గట్టు మీద బోర్లించింది. గలగలమని మూతలు దొర్లాయి. జయంతి ఒక్కొక్కటే తిరగేసింది. అడుగున వంకరపోయిన స్టీలు మూత దొరికింది. దాని అంచున, పాత కాలం పాత్రల కొట్లో సుత్తీ మేకుతో కొట్టిన చుక్కల అక్షరాలు.

శేషమ్మ.

నిధి తల్లి చెప్పింది కూడా ఈ పేరే. జయంతి మూతను గట్టు మీద పెట్టి, వెనక్కి రెండడుగులు వేసింది. ఒక పేరుతో ఆష్‌బర్న్‌లో, ఇంకో పేరుతో ప్లెయిన్స్‌బరోలో దిగినవాడు ఒక్కడే. ఈ డబ్బా ఇంతకు ముందు ఎన్ని ఇళ్లకు వెళ్లొచ్చిందో?

అప్పుడే వీధి తలుపు తెరుచుకుని శ్యామ్‌సుందర్ వచ్చాడు. ఒకప్పుడు హైదరాబాద్‌లో పోలీసు ఇన్‌స్పెక్టరు. ఇప్పుడు ఎడిసన్‌లో సెక్యూరిటీ ఏజెన్సీ నడుపుతున్నాడు. ఊళ్లో మనవాళ్లకు ఏ కష్టమొచ్చినా ముందు పిలిచేది ఈయన్నే. నిధి కేసు జయంతి చేతికి రాకముందు ఈయన చూశాడు. పిల్ల ఎవరో కుర్రాడితో వెళ్లిపోయిందని తేల్చి, పరువు కోసం నోరు మూసుకోమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చి చేతులు దులుపుకున్నాడు. జయంతి చెప్పేది నిజమైతే ఆయన చెప్పింది అబద్ధమవుతుంది. కాబట్టి జయంతి అంటే ఆయనకు గిట్టదు.

"వచ్చేశారా మేడమ్? ఆష్‌బర్న్‌లో ఒక కొంప కూల్చింది చాల్లేదా?" అన్నాడు కూర్చోకుండానే.

జయంతి మూత చూపించింది. ఆయన చేతిలోకి తీసుకుని తిరగేసి, శేషమ్మ అనే పేరు కోస్తాలో ప్రతి వీధిలోనూ ఉంటుందని తీసిపారేశాడు. వరస చెప్పడంలో పొరపాటు పడ్డంత మాత్రాన ముసలాయన హంతకుడైపోతాడా అన్నాడు. పొద్దున జితేందర్ ఫోన్ చేసి ఎవరో జయంతి గారు వస్తున్నారని చెబితే, తాను అప్పుడే చెయ్యాల్సింది చేశానన్నాడు.

"ఏం చేశారు?"

"జితేందర్ వాళ్ల ఫ్యామిలీ గ్రూప్‌లో అడిగా. నేనూ మెంబర్నే కదా. జయంతి అనే డిటెక్టివ్ ఇవాళ మధ్యాహ్నం ప్లెయిన్స్‌బరో వస్తున్నారు, మన పద్మనాభం గారి గురించి ఎంక్వయిరీ చేస్తున్నారు, ఆయన్ని ఎరిగినవాళ్లెవరైనా ఉంటే ఒక మాట చెప్పండి అని. అది తప్పా?"

జయంతి ఒక అడుగు ముందుకేసింది. "పద్మనాభం ఆ గ్రూప్‌లో ఉన్నాడా?"

ఉన్నాడు. ఏప్రిల్‌లో జితేందరే యాడ్ చేశాడు, భార్య సంతోషిస్తుందని. రోజూ పొద్దున్నే అందరికీ పూల బొమ్మతో శుభోదయం పెట్టేది ఆయనే. నూట ముప్ఫై మంది ఉన్న గ్రూప్‌లో ఎవరి బస్సు ఎన్నింటికో, ఎవరి పిల్ల ఏ ఇంట్లో దిగిందో ప్రణవే రాస్తూ వచ్చింది.

"ఆ మెసేజ్ ఎవరెవరు చదివారో చూడండి."

శ్యామ్‌సుందర్ విసుక్కుంటూనే ఫోన్ తీశాడు. మెసేజ్ పెట్టింది పన్నెండింటికి. చదివినవాళ్ల పేర్లు వరసగా ఉన్నాయి. పద్మనాభం పేరు కనిపించింది. పన్నెండూ రెండుకే చదివాడు. జవాబేమీ ఇవ్వలేదు.

"మీరు వాడికి కబురు పెట్టారు," అంది జయంతి. "నేను వస్తున్నానని, నా పేరు ఇదని, ఎందుకొస్తున్నానో కూడా. నిధి విషయంలో మీరు చేసింది తెలియక చేశారనుకున్నా. ఇది కూడా తెలియకే అంటే ఆద్య తల్లికి చెప్పండి, నాకు కాదు."

శ్యామ్‌సుందర్ ప్రణవి వైపు చూశాడు. ప్రణవి గట్టు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన మొదటిసారి కుర్చీలో కూర్చున్నాడు.

వాడికిప్పుడు అంతా తెలుసు. అయినా వాడు వియన్నాలో ఉన్నాడు, ఆద్య ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంది, మధ్యలో ఒక పగలంతా బస్సు ప్రయాణం ఉంది. జయంతి ఆ దూరాన్ని పట్టుకుని ఊపిరి పీల్చుకుంటోంది. అంతలో జితేందర్ ఫోన్ మోగింది. స్మృతి. అతను స్పీకర్‌లో పెట్టాడు.

"అన్నా, బాబును పండబెడుతున్న. గిన్ని కాల్స్ ఏంది? అంతా మంచిదేనా?"

ప్రణవి ఫోన్ మీదికి వంగింది. "స్మృతీ, ఆద్యకి ఇవ్వు. ఒక్కసారి ఇవ్వు తల్లీ."

"ఆద్య పోయింది కదా వదినా. తాతయ్య వచ్చి కార్ల తీస్కపోయిండు. గంట దాటింది."

ప్రణవి గొంతు విని స్మృతికి ఏదో అనుమానం వచ్చినట్టుంది, గబగబా చెప్పుకుపోయింది. ఈ ఊళ్లోనే పని మీద ఉన్నాను, పొద్దున బస్సులో పిల్ల కష్టపడటం ఎందుకు, కార్లో తీసుకెళ్తానన్నాడట. భోజనం చేసి, బాబుని కాసేపు ఆడించాడట. వాడు వియన్నాలో కాచుకుని కూర్చోలేదు. ఊరూరా పిల్ల వెనకాలే తిరుగుతున్నాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పోయిన ఫోన్ ఎలా పోయిందో జయంతికి ఇప్పుడు అర్థమైంది.

"ఎట్ల పంపినవే? ఎవరనుకుని పంపినవ్?" జితేందర్ అరిచాడు.

"ఊకెనే పంపలే అన్నా. నాకు తెల్వదా, మన దిక్కు మనిషి కాదు, వదిన వాళ్ల దిక్కేమో అనుకున్న. అయినా పరాయోళ్ల పిల్ల కాదు కదా అని మొహం మీదనే అడిగిన, మీరు ఎవరి తరఫని. జయంతి గారు మా తమ్ముడి భార్య అన్నడు. గ్రూప్‌ల చూసిన కదా, డిటెక్టివ్ ఆమె మీ ఇంటికి వస్తుందని. ఆమెనే పంపింది, ఆద్యకు ఏదో డేంజర్ ఉందంట, వెంటనే తీస్కరమ్మన్నదంట అని చెప్పిండు. ఆమె పేరు చెప్పినాకనే నేను ధైర్యం చేసిన."

ఈ ఇంట్లో ఇందరు అడగలేని ప్రశ్న అక్కడ స్మృతి ఒక్కతే అడిగింది. ఆ ప్రశ్నకు జవాబుగా వాడు జయంతి పేరు వాడుకున్నాడు. పిల్లను కాపాడటానికి వచ్చిన మనిషి పేరే వాడికి తలుపు తీసింది.

"స్మృతీ, నేను జయంతిని. అతనెవరో నాకు తెలియదు," అంది, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. "మీ ఆయన్ని ఇప్పుడే పోలీసులకు ఫోన్ చెయ్యమను. కారు రంగు, నంబరు, ఏది గుర్తుంటే అది చెప్పమను. ఆగొద్దు."

అవతల స్మృతి ఏడుస్తూ భర్తను పిలవడం, అతను పరుగెత్తుకు రావడం వినిపించాయి. అతను వేరే ఫోనులో ఇంగ్లిష్‌లో ఏదో చెబుతున్నాడు. తెల్ల కారు. నంబరు చూళ్లేదు. ఆద్య వెనక సీట్లో కూర్చుని చెయ్యి ఊపిందట.

"ఇంకేమైనా అన్నాడా? ఏమైనా వదిలి వెళ్లాడా?"

"ఒక డబ్బా ఇచ్చిండండీ," స్మృతి ముక్కు ఎగబీల్చింది. "ఆద్య తెచ్చిన డబ్బానే, కందిపొడి ఉండె అందుల. ఖాళీ చేసుకుని మళ్లీ నాకే ఇచ్చిండు. జయంతికి చేర్చు, ఒట్టి డబ్బా ఇయ్యొద్దు కదా, ఆమెకు కావాల్సింది పెట్టిన అన్నడు. నేను ఇంకా తెరవలే. ఉండండి, ఇక్కడనే పెట్టిన."

జయంతి వద్దనబోయింది. ఎందుకు వద్దనబోయిందో తనకే తెలియలేదు. స్పీకర్‌లో స్టీలు మీద స్టీలు రాసుకున్న చప్పుడైంది. తర్వాత స్మృతి దాన్ని చేతిలోకి ఎత్తినట్టుంది.

ఒక మువ్వ మోగింది. ఒక్కటే, సన్నగా.

"ఫోన్ అండీ," అంది స్మృతి అయోమయంగా. "ఆద్యది కాదు. ఎవరిదో తెల్వదు. ఎర్రదారం కట్టి ఉంది."

"ఎవరిది?" ప్రణవి జయంతి చెయ్యి పట్టుకుని ఊపింది. "ఎవరిదండీ అది? మీకు తెలుసా?"

జయంతి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెబితే ఈ తల్లి ఇక్కడే కూలిపోతుంది. చెప్పకపోతే ఆష్‌బర్న్‌లో ఇంకో తల్లి ఇంకా ఫోన్ పక్కనే కూర్చునే ఉంటుంది.